గిటారు నిర్మాణము

యంత్రశాలల ప్రమేయము లేకుండ, ఒక్క మనిషి తన ఇంటి కర్మశాలలోనే, రంపము, ఉలి, చిత్రిక మొదలగు చేతి పనిముట్లతో గిటారును ఆమూలాగ్రముగా తయారుచేయుట ఈనాడు అనేక దేశములలో వ్యాపించియున్న శిల్పము. విద్యుచ్ఛక్తితో నిమిత్తము లేక, పలుచని చెక్క పలకను, పొట్టలోని గాలిని కంపింపజేసి నాదము పుట్టించు అకూస్టిక్ గిటారే ఈ వ్యాసమునకు విషయము. అందును నైలాను తంత్రుల స్పానిష్ గిటారు ఇచ్చట ప్రధానముగా వివరింపబడినది. ఉక్కు తంత్రుల గిటారు ప్రసక్తి అవసరమైన చోట్ల వచ్చును.

ఈ శిల్పమునకు మూలసమస్య ఒక్కటే. గిటారు పై పలక మందము ఇంచుమించు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. దానిమీద అతికించిన గుర్రమును (బ్రిడ్జిని) ఆరు తంత్రులును కలిసి సుమారు 40 కిలోగ్రాముల బలముతో రాత్రింబవళ్లు లాగుచునే యుండును. ఉక్కు తంత్రులైనచో ఆ లాగు 70 కిలోగ్రాములకు చేరును. ఇంతటి భారమునకు క్రుంగక, చిట్లక, ఏండ్ల తరబడి నిలువవలసిన ఆ పలకయే, వాదకుని గోటికొన తంత్రికి తగిలినంతమాత్రమున కంపించి, ఆ కంపమును గది నలుమూలలకు అందింపవలెను. దళసరిగా విడిచినచో పలక మూగవోవును. మితిమీరి పలుచన చేసినచో వంగిపోవును. బలమునకును లాఘవమునకును నడుమనున్న ఆ సన్నని గీతను కనుగొనుటయే ఈ శిల్పియొక్క విద్య. తక్కిన పనులన్నియు దానికి పరిచర్యలే.

చరిత్ర

గిటారు అను మాట స్పానిష్ భాషలోని గితార్రా నుండి వచ్చినది. దాని మూలము ప్రాచీన గ్రీకుల కితారాలో నున్నది. 16వ శతాబ్దమున స్పెయిన్ దేశపు ఆస్థానములలో విహుయేలా అను వాద్యము మన్నన లందుచుండగా, నాలుగు జతల తంత్రులు గల చిన్న గిటారు సామాన్య జనుల చేతులలో మ్రోగుచుండెను. తరువాత ఐదు జతల గిటారు ప్రచారమునకు వచ్చి, 18వ శతాబ్దము ముగియు నాటికి జతలు తొలగి, ఆరు ఒంటి తంత్రుల రూపము స్థిరపడసాగెను.

నేటి గిటారునకు ఆకృతిని ప్రసాదించినవాడు ఆంటోనియో దె తోర్రెస్. ఇతడు 1817లో దక్షిణ స్పెయిన్‌లోని ఆల్మెరియా నగరము చేరువను జన్మించి, వడ్రంగము నేర్చి, సెవిల్ నగరములో గిటారులు చేయుచు కీర్తి గడించి, 1892లో ఆల్మెరియాలోనే మరణించెను. ఆయన గిటారు పొట్టను విశాలము చేసెను. పై పలకను మునుపటికంటె పలుచన చేసి, దానికి కంటికి ఆననంత కొలదిపాటి ఉబ్బు నిచ్చెను. ఆ పలక అడుగున ఏడు సన్నని బద్దలను విసనకఱ్ఱ ఆకులవలె విరియబరచి అతికించెను. ఈ విసనకఱ్ఱ కూర్పు అంతకుముందు స్పెయిన్‌లో లేకపోలేదు. కాని దానిని ఒక సమగ్రమైన పద్ధతికి తెచ్చిన యశస్సు తోర్రెస్‌దే. నాదము పై పలకనుండియే పుట్టుచున్నదని చూపుటకై ఆయన 1862లో పక్కలను, వెనుక భాగమును కాగితపు గుజ్జు అట్టతో చేసి, పై పలకను మాత్రము మేలైన కలపతో చేసి ఒక గిటారును నిర్మించెను. అట్ట శరీరముతోనే అది పాడినది. ఆ వాద్యము ఇప్పటికిని బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. గిటారు శిల్పమును గూర్చి వ్రాయబడిన గ్రంథము లెన్నియో చెప్పవలసిన మాటను ఆ ఒక్క వాద్యము చెప్పుచున్నది.

ఉక్కు తంత్రుల గిటారు వంశము వేరు. జర్మనీలోని మార్క్‌నాయికిర్ఖెన్ పట్టణమున క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ గిటారులు చేయుచుండెను. ఆయన కుటుంబము కొయ్యసామాను చేయు వడ్రంగుల శ్రేణికి చెందినది. వాద్యములు చేయు హక్కు తమదే గాని వడ్రంగులది కాదని అచ్చటి వయొలిన్ శిల్పుల శ్రేణి 1826లోనే అభ్యంతరము తెలిపినది. ఆ తగవులతో విసిగిన మార్టిన్ 1833లో అమెరికాకు తరలిపోయి, కొంతకాలము న్యూయార్కులో నివసించి, పిమ్మట పెన్సిల్వేనియాలోని నాజరెత్ గ్రామమున స్థిరపడెను. 1840ల నాటి ఆయన గిటారులలో పై పలక అడుగున రెండు బద్దలు ఇంటూ గుర్తువలె ఒకదానినొకటి ఖండించు కూర్పు కనిపించును. అప్పటి పేగు తంత్రులకు అంతటి బలము అవసరము లేదు. కాని 20వ శతాబ్దమున ఉక్కు తంత్రులు రాగా ఆ లాగును భరింప గలిగిన కూర్పు అదియే యని తేలి, లోకమంతట నిలిచిపోయినది.

స్పానిష్ గిటారునకు చిరకాలము గొఱ్ఱె పేగులే తంత్రులు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పేగు తంత్రులకు కరవు ఏర్పడగా, న్యూయార్కులోని వాద్యశిల్పి ఆల్బర్ట్ ఆగస్టీన్, విఖ్యాత వాదకుడు ఆంద్రెస్ సెగోవియా ప్రోత్సాహముతో, నైలాను తంత్రులను రూపొందించెను. నేటి స్పానిష్ గిటారులు చాలవఱకు ఆ తంత్రులనే ధరించుచున్నవి.

గృహ కర్మశాలల ఉదయము

పూర్వము ఈ విద్య తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు మాత్రమే సంక్రమించెడిది; కొలతలు కర్మశాల గడప దాటెడివి కావు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ కట్టు సడలినది. 1966లో అమెరికాలో ఇర్వింగ్ స్లోన్ ప్రకటించిన శాస్త్రీయ గిటారు నిర్మాణ గ్రంథము, ఇంట ఒక బల్లయు కొన్ని పనిముట్లును గలవాడు సైతము గిటారు చేయవచ్చునని ఛాయాచిత్రములతో నిరూపించెను. 1972లో అమెరికా వాద్యశిల్పుల సంఘము ఏర్పడి, రహస్యములను దాచుటకు మారుగా వానిని సభ్యులందరితో పంచుకొను సంప్రదాయమును నెలకొల్పెను. 1987లో విలియం కుంపియానో, జానతన్ నాటెల్సన్ కలిసి వ్రాసిన బృహద్గ్రంథము స్పానిష్ గిటారు, ఉక్కు తంత్రుల గిటారు రెండింటి నిర్మాణమును పక్కపక్కనే వివరించి, స్వయముగా నేర్చుకొనువారికి పాఠ్యగ్రంథమైనది.

గురుముఖముగా గాక స్వయంకృషిచే ఈ విద్య నార్జించినవారిలో హోసె రొమనిల్లోస్ అగ్రగణ్యుడు. 1932లో మాడ్రిడ్‌లో పుట్టి, ఇంగ్లండునకు వలసపోయి, కొయ్యపనితో జీవించుచు, గిటారు వాయింపవలెనన్న కోరికతో తనకు తానే గిటారును చేసికొనెను. తరువాత ఆయన పనితనమును మెచ్చి వాదకుడు జూలియన్ బ్రీమ్, సెమ్లీ గ్రామమున తన ఇంటి ఆవరణలోనే ఆయనకు కర్మశాల నేర్పరచి, ఆయన గిటారులను ప్రపంచ వేదికలపై వినిపించెను. తోర్రెస్ జీవితమును, ఆయన వాద్యముల కొలతలను పరిశోధించి 1987లో గ్రంథస్థము చేసినవాడును ఈ రొమనిల్లోసే.

కలప

పై పలకకు స్ప్రూస్ కలప శ్రేష్ఠము. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతములపై చలికి మెల్లగా పెరిగిన చెట్ల వార్షిక వలయములు దగ్గరదగ్గరగా, సమానముగా నుండును. ఈ కలప మిక్కిలి తేలిక; అయినను చారల వెంబడి దాని బిగువు అసాధారణము, ధ్వని దానిలో సెకనునకు 5,000 మీటర్లకు మించిన వేగముతో పరుగిడును. చారలకు అడ్డముగా మాత్రము అదే పలక పదోవంతు బిగువైన చూపదు. ఈ వైషమ్యమును సరిదిద్దుటకే అడుగున బద్దలు అతికింపబడును. 1960లలో మాడ్రిడ్‌నందలి రమీరెస్ కర్మశాల అమెరికా పశ్చిమ తీరపు ఎఱ్ఱ సెడార్‌ను పై పలకలకు ప్రవేశపెట్టెను; దాని నాదము స్ప్రూస్ నాదముకంటె మృదువుగా, తొలినాటినుండియే విప్పారి యుండునని పలువురి అనుభవము.

చెట్టు మొద్దును రంపముతో ఎటుబడిన అటు కోయరాదు. కేంద్రమునుండి బెరడువైపు వ్యాసార్ధము వెంబడి చీల్చిన పలకలో వలయములు ముఖమునకు నిలువుగా నిలిచి, నిండు బిగువు నిచ్చును, వాతావరణము మారినను పలక వంకరపోదు. అట్టి చెక్కను పుస్తకము తెరచినట్లు రెండుగా చీల్చి, అంచులు కలిపి అతికించినచో, చారలు నడిమి గీతకు ఇరువైపుల అద్దములోని ప్రతిబింబములవలె అమరును. ఇది అందమునకు మాత్రమే కాదు, రెండు అర్ధభాగముల బిగువు సమానముగా నుండుటకు కూడ.

వెనుక పలకకు, పక్కలకు రోజ్‌వుడ్ ప్రసిద్ధము. చాలకాలము బ్రెజిల్ రోజ్‌వుడ్ రాజ్యమేలినది. ఆ వృక్షజాతి క్షీణించుటచే 1992నుండి దాని అంతర్జాతీయ వాణిజ్యము నిషిద్ధమైనది. అప్పటికే దాని స్థానమును మన దేశపు రోజ్‌వుడ్ ఆక్రమించియుండెను. దక్షిణ భారతపు అడవులలో, ముఖ్యముగా పడమటి కనుమలలో పెరుగు ఈ వృక్షమునే మనవారు ఇరుగుడు, జిట్టేగి అని పిలుతురు. మన ఇండ్లలో పెట్టెలుగా, మంచములుగా తరతరములు నిలిచిన ఆ నల్లని చేవయే స్పెయిన్, అమెరికా, జపాను శిల్పుల చేతులలో గిటారు పొట్టయై మ్రోగుచున్నది. దండికి మహాగని గాని, తేలికయైన స్పానిష్ సెడార్ గాని వాడుదురు. మెట్ల పలకకు ఎబొనీ ఉత్తమము; ఇది మన బీడీ ఆకుల తునికి చెట్టు ప్రజాతికే చెందిన నల్లచేవ కలప, తంత్రుల ఒరిపిడికి సులభముగా అరగదు.

కర్మశాల, వాతావరణము

గిటారు నిర్మాణమునకు విశాలమైన శాల అక్కరలేదు. కదలని గట్టి బల్ల, పదునుగల చిత్రికలు రెండు, మూడు ఉలులు, సన్నని పండ్ల రంపము, ఆకురాయి, గీకుడు రేకు, మందమును పదోవంతు మిల్లీమీటరు వఱకు చూపు కొలమానము, డజనుకు తక్కువ కాని క్లాంపులు ఉన్నచో పని మొదలుపెట్టవచ్చును. పదును తగ్గిన ఉలి చెక్కను కోయక చింపును; కావున పనిముట్లను సానపట్టుటయే శిష్యుని మొదటి పాఠము.

పనిముట్లకంటె ముఖ్యమైనది గాలిలోని తేమ. చెక్క తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, ఎండి ముడుచుకొనును. నిలువుగా మాత్రము ఇంచుమించు మారదు. తడి గాలిలో ఉబ్బియున్న పలకకు బద్దలు అతికించినచో, పొడి ఋతువులో పలక ముడుచుకొనబోవును, బద్ద అడ్డగించును, ఆ పెనుగులాటలో పలక పగులును. అందుచే సాపేక్ష ఆర్ద్రత 45 నుండి 50 శాతము ఉన్నప్పుడే బద్దలు అతికింపవలెనని నియమము. సముద్రపు గాలి వీచు విశాఖపట్టణము, కాకినాడ వంటి తీర నగరములలో పని చేయువాడు ఈ విషయమున మఱింత మెలకువతో నుండవలెను. అచ్చట వానకాలమున అతికించిన గిటారు వేసవిలో హైదరాబాదు చేరిన నాడు దాని పరీక్ష మొదలగును. గది చిన్నదైనచో ఆర్ద్రతను తగ్గించు యంత్రమొకటి అమర్చుకొనుట మేలు.

మఱియొక హెచ్చరిక ఆరోగ్యమునకు సంబంధించినది. రోజ్‌వుడ్ పొట్టు కొందరికి చర్మమున దద్దురును, ఊపిరితిత్తులలో బాధను కలిగించును. ముక్కు, నోరు కప్పుకొనక గీకుడు పనికి కూర్చుండరాదు.

పై పలక

పై పలకను పలుచన చేయుట గిటారు నిర్మాణములో హృదయస్థానము. అతికించిన రెండు అర్ధభాగములు మొదట నాలుగైదు మిల్లీమీటర్ల మందముండును. శబ్దరంధ్రము చుట్టును రంగురంగుల చెక్కపోగులతో అలంకార వలయమును పొదిగి, సుమారు 8.5 సెంటీమీటర్ల వ్యాసముతో రంధ్రమును తొలిచిన పిదప, శిల్పి చిత్రికతో లోపలివైపు నుండి చెక్కుట మొదలుపెట్టును.

ఇచ్చట ఒక భౌతిక నియమము శిల్పి చేతిని హెచ్చరించుచుండును. పలక బరువు మందముతో పాటు తగ్గును. కాని దాని బిగువు మందముయొక్క ఘనమును అనుసరించి తగ్గును. 2.5 మిల్లీమీటర్ల పలకను 2.25 మిల్లీమీటర్లకు దించినచో బరువులో పోవునది పదవ వంతు, బిగువులో పోవునది నాలుగవ వంతుకు పైమాట. కావున తుదిదశలో చిత్రిక ఒక్కసారి తోసినప్పుడు రాలు పొర, మొదటి దశలో రాలిన అంతే పొరకంటె పలకకు మిగిలిన బిగువులో ఎక్కువ వంతును హరించును. రాలిన పొరను తిరిగి అతికించు ఉపాయము లేదు.

అంకెలు మాత్రమే చాలవు. ఒకే చెట్టునుండి వచ్చిన రెండు పలకలకు ఒకే మందము ఒప్పదు. అందుచే శిల్పి పలకను పై అంచునకు కొంచెము దిగువను, ఒక ప్రక్కగా, బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ల నడుమ తేలికగా పట్టి, వ్రేలాడదీసి, చెవికి చేర్చి, రెండవ చేతి వ్రేలి కణుపుతో నడుమ తట్టును. మందముగా నున్న పలక తలుపు తట్టినట్లు పొడిగా టక్కుమని ఊరకుండును. చెక్కిన కొలది ఆ ధ్వని దిగుచు, పొడుగు సాగుచు, ఒక దశలో చిన్న గంట మ్రోగినట్లు ఖంగుమని, తట్టిన వ్రేలు వెనుకకు వచ్చిన తరువాతను నిలుచును. అటుపిమ్మట పలకను రెండు చేతులతో అంచులకు పట్టి మెల్లగా వంచి చూచును. నిలువున అది ఎదురు తిరుగవలెను. అడ్డముగా కొంత లొంగవలెను. ఆ లొంగుబాటు ఏ క్షణమున తగినంతయైనదో వ్రేళ్లే చెప్పవలెను. తన రహస్యమును లోకమునకు విడిచిపొమ్మని ఒక మతాచార్యుడు తోర్రెస్‌ను వేడగా, అది తన బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ల కొసలలో నున్నదనియు, పలక తగినట్లు పనిచేయబడినదో లేదో ఆ స్పర్శయే తన బుద్ధికి తెలుపుననియు, కావున దానిని విడిచిపోవుట తన వశము కాదనియు ఆయన బదులిచ్చినట్లు ఆ ఆచార్యుడే 1931లో వ్రాసిన లేఖలో తెలిపియున్నాడు.

తరువాత స్ప్రూస్ బద్దలు అతికింపబడును. ఒక్కొక్కటి సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, మూడు నుండి ఐదు మిల్లీమీటర్ల ఎత్తు కలిగి, కొసలకు సన్నగిలి సున్నయగును. శబ్దరంధ్రమునకు ఎగువ, దిగువల రెండు అడ్డు దూలములు మెడవైపు లాగును కాచును. అతికించుటకు మన వడ్రంగులు వజ్రమని పిలుచు తోలుబంకను వెచ్చగా పూయుట ప్రాచీన పద్ధతి. అది ఆరిన పిదప గాజువలె గట్టిపడును. మరమ్మతు అవసరమైన నాడు వేడిమికి, తేమకు లొంగి విడివడును. నేడు అనేకులు తెల్లని వడ్రంగి జిగురును వాడుచున్నారు.

పక్కల వంపు, కూర్పు

పక్కలకు రెండు మిల్లీమీటర్ల మందమున్న రోజ్‌వుడ్ చీలికలు రెండు కావలెను. వీనిని గిటారు నడుము ఆకృతికి వంచుట చూడ భయమును, చేయ ఆనందమును కలిగించు పని. బల్లకు బిగించిన లోహపు గొట్టమును లోపలినుండి వేడి చేయుదురు. నీటి బొట్టు చిలికినప్పుడు చుయ్యిమని క్షణములో ఆవిరియైపోయినచో వేడి తగినట్లు. నీటిలో నానిన చెక్కను గొట్టముపై ఆనించి మెల్లగా నొక్కుచుండగా మొదట అది మొండిగా నిలుచును. రోజ్‌వుడ్ తీయని సువాసన ఆవిరితో లేచును. అంతలో చెక్క నారలను బంధించియున్న పదార్థము వేడికి మెత్తబడి, చేతికింద ఒక్కమారు సడలినట్లగును. ఆ సడలుపాటుకు ముందు బలము చేసినచో చెక్క ఫెళ్లున విరుగును. కనిపెట్టి నొక్కినచో తడి తోలువలె వంగును. చల్లారువఱకు అచ్చులో బిగించి యుంచగా వంపు స్థిరపడును.

స్పానిష్ పద్ధతిలో గిటారు బోర్లపడియే పెరుగును. సొలేరా అను పని పలకపై, నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల లోతుగా తొలిచిన గుంటపై, పై పలకను ముఖము కిందికి పెట్టుదురు. ఉబ్బు ఆ గుంటనుండియే వచ్చును. దండి మొదట ఇరువైపుల గాడులు కోసి, వంచిన పక్కలను ఆ గాడులలో దూర్చుదురు. కావున దండియు పొట్టయు విడదీయరాని ఒకే శరీరమగును. పక్కలను పై పలకతో కలుపుటకు గోరంత చెక్కబిళ్లలను ఒకదాని ప్రక్క నొకటి వరుసగా అతికించుకొనుచు పోదురు. చివరకు బద్దలతో కూడిన వెనుక పలకను మూతవలె మూయుదురు. మూయుటకు ముందు లోపల శిల్పి తన పేరు, ఊరు, సంవత్సరము గల చీటీని అతికించును. ఉక్కు తంత్రుల గిటారులో మాత్రము పొట్టను, దండిని వేరువేరుగా ముగించి, పావురము తోక ఆకారపు అతుకుతో కలుపుట ఆచారము. దండి లోపల సవరించుటకు వీలైన ఉక్కు కడ్డీ కూడ నుండును.

మెట్ల గణితము

గిటారు మెట్లు ఒకసారి బిగించిన పిదప కదలవు. అందుచే వాని స్థానములను ముందుగా లెక్కించి కోయవలెను. ఇచ్చట మన వీణతో పోలిక స్మరణీయము. బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లి శిల్పులు పనస మొద్దు నొక్కదానిని తొలిచి కుండను, దండిని ఏకముగా మలచి ఏకాండి వీణను చేయుదురు. దాని 24 మెట్లను మైనముపై నిలిపి, ప్రతి మెట్టును చెవికి నచ్చిన చోటికి జరుపుచు శ్రుతి కుదుర్తురు. వీణ శిల్పి చెవితో చివరగా చేయు పనిని గిటారు శిల్పి గణితముతో ముందే చేయవలెను. మఱియు వీణ మొద్దునుండి తొలువబడును. గిటారు పలుచని పలకలనుండి కట్టబడును. ఒకటి గుహవంటిది, మఱియొకటి ఇల్లువంటిది. రెండింటను నివసించునది నాదమే.

స్థాయి నొక్కదానిని పండ్రెండు సమాన అర్ధస్వరములుగా విభజించినచో, ఒక్కొక్క మెట్టునకు తంత్రి పొడవు 1.0595 చే భాగింపబడుచు పోవును. లెక్క సులువుగా నుండుటకు, మిగిలియున్న పొడవును 17.817 చే భాగించి, వచ్చినంత దూరము ముందుకు జరుగవలెనని శిల్పులు నేర్తురు. తంత్రి పొడవు 650 మిల్లీమీటర్లైనచో మొదటి మెట్టు 36.48 మిల్లీమీటర్ల దూరమునను, రెండవది అచ్చటినుండి 34.43 మిల్లీమీటర్లకును, పండ్రెండవది సరిగా నడిమిన, 325 మిల్లీమీటర్లకును వచ్చును. పూర్వులు 17.817కు బదులు 18ని వాడెడివారు. శాస్త్రవేత్త గెలీలియో తండ్రి, సంగీతజ్ఞుడునగు విన్సెంజో గెలీలీ 1581లో ఈ సూత్రమును ప్రతిపాదించెను. ఆ లెక్కచే పండ్రెండవ మెట్టు ఉండవలసిన చోటికి 2.4 మిల్లీమీటర్ల ఇవతలనే నిలిచిపోవును.

సిద్ధాంతము ఇంతటితో ముగియదు. తంత్రిని మెట్టుపై అదిమినప్పుడు అది కొంచెము సాగి శ్రుతి పెరుగును. దానిని సరిదిద్దుటకై గుర్రమును లెక్కకు వచ్చిన స్థానముకంటె ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనుకకు జరుపుదురు. ఉక్కు తంత్రులలో లావుపాటి వానికి ఈ జరుపుడు ఇంకను హెచ్చు. గుర్రమును కొలువకుండ అతికించుట తొలి గిటారులలో తఱచుగా కనిపించు దోషము. అట్టి వాద్యము ఎంత మధురముగా పలికినను మెట్లు ఎక్కిన కొలది అపశ్రుతి వినిపించుచునే యుండును.

మెరుగు, తంత్రులు, శ్రుతి

మెరుగు పూతయు నాదములో భాగమే. దట్టమైన పూత పలకను బరువెక్కించును. అందుచే స్పానిష్ శిల్పులు లక్కను సారాయిలో కరిగించి, మెత్తని గుడ్డ ఉండతో చుట్లు చుట్లుగా, వారముల తరబడి, పొరపై పొరగా రుద్దుదురు. ఈ లక్క మన ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలో మోదుగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగు కట్టు గూటినుండి లభించునది. చుట్లు తిరుగుచుండగా గుడ్డ ఎచ్చటను నిలువరాదు. నిలిచినచోట పూత కరిగి గుంట పడును.

తరువాత ఎముకతో చేసిన మేరువును, గుర్రపు మిట్టను సరిచేసి, బిరడాలు బిగించి, తంత్రులు కట్టుదురు. పండ్రెండవ మెట్టు దగ్గర సన్నని తంత్రి మూడు, లావు తంత్రి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున నుండుట స్పానిష్ గిటారునకు సాధారణము. ముగిసిన గిటారు బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాము మాత్రమే. అన్ని తంత్రులను అరచేతితో ఆపి, గుర్రము ప్రక్కన పలకను తట్టినచో రెండు ధ్వనులు కలిసి వినిపించును: పొట్టలోని గాలి రంధ్రము ద్వారా ఊగునప్పటి గంభీర ధ్వని సెకనునకు సుమారు 100 కంపములు, పలక తానై ఊగునప్పటిది సుమారు 200 కంపములు. ఈ రెండింటి నడుమ దూరము, వాని బలము ఆ గిటారు కంఠస్వభావమును చాలవఱకు నిర్ణయించును.

తొలి గిటారు చేయువాడు ప్రతి దశయందును కొలతలను పుస్తకములో వ్రాసికొనవలెనని అనుభవజ్ఞులందరు ఏకకంఠముగా చెప్పుదురు: పలక తుది మందము, బరువు, తట్టినప్పటి శ్రుతి, బద్దల ఎత్తులు, అతికించిననాటి తేమ. తంత్రులు ఎక్కిన తరువాత గిటారు పలుకు పలుకును ఆ అంకెలతో సరిపోల్చి చూచికొనవలెను. లావు తంత్రులు మూగగా నున్నచో పలక ఇంకను చెక్కదగినదని, సన్న తంత్రులు నిలువకున్నచో మితిమీరి చెక్కబడినదని అప్పుడు తెలియును. కాని అప్పటికి పొట్ట మూయబడియుండును. ఆ తీర్పు తొలి గిటారునకు ఉపకరింపదు. అంకెలు పుస్తకములోను, ఆ అంకెల అర్థము చెవిలోను నిలిచియుండును. మలి గిటారునకై కొత్త పలకను రెండు వ్రేళ్ల నడుమ వ్రేలాడదీసి తట్టిననాడే, తొలి గిటారు నేర్పిన పాఠము వ్రేలి కొసలకు చేరును.